ఈ వేసవిలో కొత్త దర్శకుల సినిమాలు: తెర మీద ఎవరూ చూడని ఆరు మొదటి సినిమాలు వేద్దామా? (విశాఖ)

కెరటం | ఏప్రిల్ 5, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పోయిన వేసవిలో గ్రంథాలయం మేడ మీద తెల్ల దుప్పటి కట్టి నాలుగు పాత సినిమాలు వేసుకున్నాం కదా, ఈసారి కొత్త దర్శకులవి వేద్దామని నా కోరిక. మే రెండో ఆదివారం నుంచి మొదలుపెట్టి ఆరు ఆదివారాలు.

కొత్తవాళ్లంటే జాబితా ఎటైనా పోతుంది కాబట్టి నేనొక గీత గీసుకున్నాను. 2020 మార్చిలో థియేటర్లు మూతపడ్డాయి. ఆ తర్వాత ఏడాదిన్నరలో కొంతమంది మొదటిసారి దర్శకత్వం చేసినవాళ్ల సినిమాలు థియేటర్ మెట్లెక్కకుండానే నేరుగా మన ఫోన్లలోకి, టీవీల్లోకి వచ్చేశాయి. శ్రీకాంత్ నాగోతి భానుమతి అండ్ రామకృష్ణ (2020 జులై), సందీప్ రాజ్ కలర్ ఫోటో (2020 అక్టోబర్), వినోద్ అనంతోజు మిడిల్ క్లాస్ మెలోడీస్ (2020 నవంబర్), ఉదయ్ గుర్రాల మెయిల్ (2021 జనవరి), ప్రవీణ్ కండ్రేగుల సినిమా బండి (2021 మే). ఐదు. ఆరోది మీరు చెప్పండి.

కలర్ ఫోటోకి ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, మనలో ఎంతమంది దాన్ని పదిమంది మధ్య కూర్చుని చూశారు? నేను లాక్‌డౌన్‌లో వంటింటి గట్టు మీద ఫోన్ పెట్టుకుని, మధ్యలో పప్పు దించుకుంటూ చూశాను. చివర్లో ఏడ్చాను, పక్కన ఎవరూ లేరు. ఆ సినిమాని ఒక్కసారైనా సరిగ్గా చూడాలని అప్పటి నుంచి ఉంది.

బ్యాక్ బెంచ్ | ఏప్రిల్ 5, రాత్రి 10:03

కెరటం అక్కా, నాకు వేరే అభిప్రాయం ఉంది, చెప్పేస్తాను. ఈ సినిమాలు థియేటర్‌కి వెళ్లి ఉంటే వారం ఆడేవా? పెద్ద హీరో లేడు, పోస్టర్ చూసి ఎవరూ టికెట్ కొనరు. ఓటీటీలో వచ్చాయి కాబట్టే శ్రీకాకుళం నుంచి సింగపూర్ దాకా జనం చూశారు. వాటికి అన్యాయం జరిగిందన్నట్టు మాట్లాడటం నాకు సరిగ్గా అనిపించడం లేదు.

ఇంకోటి, మొదటి సినిమా చూసి ఈయన రేపటి దర్శకుడు అని ఎలా చెప్పగలం? మొదటి కథని పదేళ్లు మోస్తారు, మిత్రులందరితో చర్చిస్తారు, అది బాగా రావడంలో ఆశ్చర్యం లేదు. రెండో సినిమాకి ఏడాది టైమ్ ఉంటుంది, అసలు పరీక్ష అక్కడ. కాబట్టి రెండో సినిమాల సీరీస్ వేద్దాం అంటాను. వివేక్ ఆత్రేయ బ్రోచేవారెవరురా, తరుణ్ భాస్కర్ ఈ నగరానికి ఏమైంది. ఆ రెండోది 2018లో వచ్చినప్పటి కంటే 2023లో మళ్లీ విడుదల చేసినప్పుడు జనం ఎగబడి చూశారు, నేను చూసిన హాల్లో డైలాగులు ముందే చెప్పేస్తున్నారు.

మర్రిపాలెం మనిషి | ఏప్రిల్ 6, ఉదయం 6:48

ఆరోది నేను చెప్తా, రెండో సినిమా కోరిక కూడా తీరుతుంది. ఉమామహేశ్వర ఉగ్రరూపస్య. వెంకటేష్ మహా రెండో సినిమా, 2020 జులైలో నేరుగా ఓటీటీకి వచ్చింది. మలయాళం నుంచి తెచ్చుకున్న కథే గానీ కేరళ ఇడుక్కిని తీసుకొచ్చి మన అరకులో పెట్టాడు. ఆ ఫోటో స్టూడియో, ఆ చలి పొద్దులు, ఆ వీధిలో తగువు చూస్తుంటే మా చిన్నాన్న వాళ్లింటికి వెళ్లినట్టే ఉంటుంది. అరకు కొండలు ఆరంగుళాల ఫోన్‌లో చూసే వస్తువా? నాకైతే అదొక్కటీ తెర మీద పడితే చాలు.

మహా మొదటి సినిమా కేరాఫ్ కంచరపాలెం వేద్దామని ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెప్తున్నా. 2018లో అది మాకు పండగ. మా వీధిలో కూరగాయలు కొనేటప్పుడు కనబడే మనుషులు తెర మీద కనబడ్డారు. నిర్మాత ప్రవీణ పరుచూరి గారు అమెరికాలో గుండె డాక్టరు, ఆవిడే సలీమా వేషం కూడా వేశారు. కానీ అది థియేటర్‌లో ఆడాల్సినంత ఆడింది, మనందరం చూశాం. దానికి మన చెయ్యి అక్కర్లేదు. చెయ్యి అవసరమైనవాటికి ఇద్దాం.

లలిత, ఎంవీపీ కాలనీ | ఏప్రిల్ 6, ఉదయం 11:20

మిడిల్ క్లాస్ మెలోడీస్ గురించి నాది ఒక మాట. అది వచ్చిన నెలలో మా ఇంట్లో ఇద్దరం జ్వరంతో వేరే వేరే గదుల్లో ఉన్నాం. మా వారు ఒక గదిలో, నేను ఒక గదిలో, మధ్యలో మూసిన తలుపు. ఇద్దరం ఒకే టైముకి సినిమా పెట్టుకున్నాం, ఎవరి ఫోన్‌లో వాళ్లం. గోపరాజు రమణ గారు కొడుకు మీద అరుస్తున్నప్పుడల్లా ఆ గదిలోంచి మా వారి నవ్వు వినబడేది, ఒక క్షణం ఆగి నా ఫోన్‌లో అదే మాట వచ్చేది. ఆయన నవ్వు ముందు, డైలాగు తర్వాత. రెండు గంటలూ అలాగే చూశాం.

ఆ సినిమాలో గొప్ప మలుపులేం లేవు. గుంటూరులో హోటల్ పెట్టాలనుకునే కుర్రాడు, బొంబాయి చట్నీ, తండ్రి గొంతు. నాటకాల నుంచి వచ్చిన మనిషిని అంత దగ్గరగా పెట్టి, అరుపు వెనక ఉన్న భయం కూడా మనకి కనబడేలా తీశాడంటే ఆ దర్శకుడికి మనుషుల్ని చూడటం వచ్చు. బాబూ బ్యాక్ బెంచ్, రెండో సినిమాదాకా ఎందుకు ఆగాలి? కొన్ని చేతులు మొదటి వంటలోనే తెలిసిపోతాయి.

మేము ఈసారి ఒకే వరసలో కూర్చుని చూస్తాం. రెండు టికెట్లు రాసుకోండి.

గాజువాక లాయర్ | ఏప్రిల్ 6, రాత్రి 8:30

ఉత్సాహం చల్లార్చడం నా ఉద్దేశం కాదు గానీ ముందుగా తేల్చుకోవాల్సినవి ఉన్నాయి.

మన ఇంటి సబ్‌స్క్రిప్షన్ మన ఇంటి కోసం. దాన్ని ప్రొజెక్టర్‌కి తగిలించి అరవైమందికి చూపిస్తే అది బహిరంగ ప్రదర్శన, టికెట్ పెట్టకపోయినా అంతే. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఆ హక్కు సొంతదారుది. పోయిన వేసవిలో మనం ఎవర్నీ అడగలేదు, అది తప్పే, నేనూ అక్కడ కూర్చున్నాను. ఈసారి అడుగుదాం. ఎవర్ని అడగాలన్నది సినిమాని బట్టి మారుతుంది. నిర్మాత డిజిటల్ హక్కులు మాత్రమే అమ్మి మిగతావి దగ్గర పెట్టుకుని ఉండొచ్చు, అన్నీ కలిపి ఇచ్చేసి ఉండొచ్చు. ముందు నిర్మాణ సంస్థకి ఉత్తరం రాస్తే వాళ్లే చెప్తారు.

రెండోది ఇంకా ముఖ్యం, దీని గురించి ఎవరూ ఆలోచించరు. ఓటీటీలో వచ్చే సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం వాళ్లే వయసు రేటింగ్ వేసుకుంటారు. కానీ అదే సినిమాని జనం మధ్య తెర మీద వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం వర్తిస్తుంది, బోర్డు సర్టిఫికెట్ కావాలి. థియేటర్ కోసం సిద్ధమై లాక్‌డౌన్ వల్ల దారి మళ్లిన సినిమాలకి అప్పటికే సర్టిఫికెట్ తీసుకుని ఉండే అవకాశం ఉంది. తీసుకోనివాటికి హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయంలో నిర్మాతే దరఖాస్తు పెట్టాలి, మనం పెట్టలేం. చిత్రోత్సవాలకి కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది గానీ మేలోపు మనకి అది అందుతుందని నేను హామీ ఇవ్వలేను.

కాబట్టి ప్రతి సినిమాకి రెండు ప్రశ్నలు: హక్కు ఎవరిది, సర్టిఫికెట్ ఉందా. ఈ రెండూ తేలాకే పోస్టర్ వేద్దాం. ఉత్తరాలు నేను రాస్తాను, ఖర్చేం అడగను.

బ్యాక్ బెంచ్ | ఏప్రిల్ 6, రాత్రి 8:52

సర్టిఫికెట్ సంగతి నాకసలు తెలీదు. అంటే ఒక సినిమా ఏళ్లుగా కొన్ని లక్షలమంది చూస్తున్నా హాల్లో వేయడానికి కుదరకపోవచ్చన్నమాట. ఇది విన్నాక కెరటం అక్క గీసిన గీత మీద నాకు గౌరవం పెరిగింది.

రీలు డబ్బా | ఏప్రిల్ 7, ఉదయం 5:55

నేను 27 ఏళ్లు థియేటర్‌లో ఆపరేటర్‌గా చేశాను, ఇందులో కొంతమందికి తెలుసు. ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు కాల్చిన రోజుల నుంచి, రీలు పోయి డిజిటల్ క్యూబ్ వచ్చేదాకా ఉన్నాను. నా మాట వినండి, మేడ మీద వద్దు.

మేడ మీద గాలి బాగుంటుంది నిజమే, కానీ విశాఖలో మే నెల సాయంత్రం ఏడు దాటితే గానీ తెర మీద బొమ్మ నల్లగా కనబడదు. దుప్పటి ఊగుతుంది, ముఖాలు ఊగుతాయి. కింద రోడ్డు మీద బస్సు హారన్. పాత సినిమాలకి అది సరిపోయింది ఎందుకంటే వాటి మాటలు, పాటలు మనకి కంఠతా వచ్చు, వినబడకపోయినా మనసు పూరిస్తుంది. ఈ కొత్తవాళ్లది అలా కాదు. వీళ్ల సినిమాల్లో మాటలు నెమ్మదిగా ఉంటాయి, మధ్యలో ఫ్యాను చప్పుడు, దూరంగా కుక్క, గిన్నె పెట్టిన శబ్దం ఉంటాయి. పెళ్ళి చూపులు నుంచి మన దగ్గర కొత్త కుర్రాళ్లు షూటింగ్‌లోనే మాట రికార్డు చేయడం మీద మోజు పడ్డారు, సింక్ సౌండ్ అంటారు. డబ్బింగ్ థియేటర్‌లో మళ్లీ చెప్పించిన మాట కాదది, ఆ గదిలో ఆ మనిషి అన్న మాట. ఆ సన్నటి చప్పుళ్లన్నీ ఫోన్ స్పీకర్‌లో పోయాయి, ఇప్పుడు మేడ మీద కూడా పోతే మనం చేసిన పని ఏముంది?

ఒక చిన్న హాలు చూశాను, 70 సీట్లు, లైసెన్సు ఉంది, ఆదివారం పొద్దున 9 నుంచి 12 దాకా ఖాళీ. తెలిసినవాళ్లు, కరెంటు ఖర్చు, ఏసీ ఖర్చు ఇస్తే చాలన్నారు. లాయర్ గారు నిర్మాతలకి రాసేటప్పుడు సినిమా ఏ రూపంలో ఇస్తారో కూడా అడగండి. డీసీపీ, అంటే హాళ్లకి పంపే డిజిటల్ కాపీ ఉంటే మంచిది, దానికి తాళం ఉంటుంది, కేడీఎం అనే తాళంచెవి ఆ హాలుకీ ఆ తేదీకీ పంపాలి. డీసీపీ చేయించనే లేదంటే మంచి ఫైలు ఏదైనా అడగండి, నేను చూసుకుంటాను.

హైదరాబాద్ అసిస్టెంట్ | ఏప్రిల్ 7, రాత్రి 11:40

నేను కృష్ణానగర్‌లో ఉంటాను, రెండు సినిమాలకి సహాయ దర్శకుడిగా పని చేశాను. బ్యాక్ బెంచ్ తమ్ముడు మొదట్లో అన్నదానికి ఇక్కడి సంగతి చెప్తాను, ఇది నేను చూసినది, ఎవరి పేరూ చెప్పను.

ఓటీటీలో జనం ఎక్కువ చూశారు అన్నది నిజమే కావచ్చు. కానీ ఆ లెక్క దర్శకుడి చేతికి రాదు. రెండో కథ పట్టుకుని ఆఫీసుకి వెళ్తే అవతల మనిషి అడిగేది నైజాం (తెలంగాణ) ఎంత చేసింది, సీడెడ్‌లో (రాయలసీమలో) షేర్ ఎంత అని, అంటే థియేటర్ వసూళ్ల లెక్క. మొదటి సినిమా థియేటర్‌కి రానివాడు ఏం చెప్తాడు? మంచి రివ్యూల స్క్రీన్‌షాట్లు చూపిస్తాడు. అవతలివాళ్లు చాలా మర్యాదగా "బాగుంది బ్రదర్, చూద్దాం" అంటారు. నాకు తెలిసిన ఒకాయన ఆ "చూద్దాం" అనే మాటతో మూడేళ్లు గడిపాడు. అందుకే రెండో సినిమా చూసి తీర్పు చెప్దాం అనేముందు, ఆ రెండో సినిమా తీయడానికే ఎన్నాళ్లు పడుతోందో చూడండి. సినిమా బండి 2021 మేలో వచ్చింది, ప్రవీణ్ కండ్రేగుల తర్వాతి సినిమా శుభం థియేటర్‌కి వచ్చేసరికి 2025 మే. అదే ఏడాది ఆగస్టులో పరదా వచ్చింది. మధ్యలో నాలుగేళ్లు.

ఇంకో నష్టం ఉంది, అది డబ్బు లెక్క కాదు. విడుదల రోజు దర్శకుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కి వెళ్లి హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడతాడు. తెర చూడడు, జనాన్ని చూస్తాడు. తను జోక్ అనుకున్న చోట ఎవరూ నవ్వరు, అనుకోని చోట హాలంతా నవ్వి తర్వాతి రెండు డైలాగులు వినబడకుండా పోతాయి. ఎడిటింగ్‌లో నవ్వుకి ఎంత ఖాళీ వదలాలి, మౌనం ఎంతసేపు నిలుస్తుంది, ఇంటర్వెల్ ముందు ఎప్పుడు కుర్చీలు కిర్రుమంటాయి, ఇవి నేర్పే చోటు ఆ వెనక గోడ ఒక్కటే. 2020లో మొదటి సినిమా తీసినవాళ్లకి ఆ గోడ దొరకలేదు. మీరు 70 సీట్ల హాల్లో ఈ సినిమాలు వేస్తున్నారంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. కుదిరితే ఒక ఆదివారం రైలెక్కి వస్తాను.

జీడిపిక్క | ఏప్రిల్ 8, ఉదయం 7:15

మాది పలాస. మా ఊరి పేరుతో వచ్చిన సినిమా మీ గీతకి సరిగ్గా అంచు మీద ఉంది. కరుణ కుమార్ మొదటి సినిమా పలాస 1978, 2020 మార్చి 6న విడుదలైంది. రెండు వారాలు తిరక్కుండానే థియేటర్లు మూసేశారు. మా నాన్న ఆ ఆదివారం వెళ్దాం, ఈ ఆదివారం వెళ్దాం అంటూ ఉండగానే అయిపోయింది.

జీడి పలుకులు ఒలిచే చేతులు ఎలా నల్లబడతాయో మాకు తెలుసు, మా మేనత్త చేతులు అలాగే ఉండేవి. మా పక్క యాస సినిమాల్లో అంతకుముందు నవ్వించడానికే వాడేవారు, వాచ్‌మన్‌కో పనిమనిషికో పెట్టేవారు. ఇందులో ఆ యాసలో మనిషి కోపంగా మాట్లాడాడు, ఊరి బయట ఉండేవాళ్లకి జరిగినది ఆ యాసలోనే చెప్పాడు. నాది నక్కిలీసు గొలుసు పాట మటుకు దేశమంతా తిరిగింది, సినిమా తిరగలేదు. అది ఒక్కటే నా బాధ.

థియేటర్ మెట్లు ఎక్కిందని తీసేస్తారా? ఎక్కగానే దింపేశారు కదా. లాయర్ గారూ, థియేటర్‌కి వచ్చింది కాబట్టి దీనికి సర్టిఫికెట్ ఉంటుంది, ఆ ఇబ్బంది కూడా లేదు.

కెరటం | ఏప్రిల్ 8, ఉదయం 9:30

తీసేయం. జీడిపిక్క గారూ, పలాస 1978 జాబితాలో ఉంది. మొదటి ఆదివారం దాంతోనే మొదలుపెడదాం, మీ నాన్నగారిని తీసుకురండి. ఆయనకి ముందు వరస, మధ్య సీటు.

మానేరు వాగు | ఏప్రిల్ 8, మధ్యాహ్నం 2:05

నేను కరీంనగర్ నుంచి, ఈ వేదికలో చదవడమే గానీ రాయడం తక్కువ. మేడ మీద వద్దు అన్న పెద్దాయన మాట సమజైంది గానీ, ఆరుబయట తెర గురించి ఒక్క ముచ్చట చెప్పాలె.

2023 మార్చిలో బలగం వచ్చింది. వేణు యెల్దండి మొదటి సినిమా. అంతకుముందు మాకు ఆయన కామెడీ వేషాల మనిషి. ఆ సినిమాను మా దిక్కు ఊళ్లల్ల తెరలు కట్టి చూసిండ్రు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లె పంచాయతీ ఆఫీసు ముంగట తెర, ట్రాక్టర్ ట్రాలీలల్ల జనం, ముసలోళ్లకు మంచాలు. సచ్చిపోయినోళ్ల పేరు మీద పిట్టకు పెట్టుడు సీన్ వచ్చినప్పుడు మాటాడుకున్న అన్నదమ్ములు ఉన్నరు, నా కండ్ల ముంగట చూసిన. మా మామయ్యలిద్దరు పొలం గట్టు కాడ తొమ్మిదేండ్లు మాట్లాడలేదు. ఆ రాత్రి ఒకాయన ఇంకొకాయనకు నీళ్ల చెంబు ఇచ్చిండు, గంతే, మాట ఏం అనలే. పొద్దుగాల ఇద్దరు కలిసి చాయ తాగిండ్రు.

హక్కుల గురించి అప్పుడు మా ఊళ్లె ఎవరికి తెల్వదు, లాయర్ గారు చెప్పింది సరైనదే. మీరు అనుమతి తీస్కొని చేస్తున్నరు, ఇంకా మంచిది. కానీ ఒక్క సినిమా అన్న పెద్ద తెర మీద, వచ్చేటోళ్లకు అడ్డం లేకుండ, ఊరోళ్ల మధ్య వెయ్యుండ్రి. మెయిల్ అయితే బాగుంటది. పల్లెకు కంప్యూటర్ కొత్తగ వచ్చినప్పటి కథ, ప్రియదర్శి ఉంటడు, లాటరీ తగిలిందని వచ్చిన మెయిల్ నమ్మిన పోరడు. ఇప్పటికి రోజూ ఎవరో ఒకరు గట్ల మోసపోతనే ఉన్నరు కదా.

సైగల టీచర్ | ఏప్రిల్ 9, సాయంత్రం 6:20

నేను వినికిడి లేని పిల్లల బడిలో పదహారేళ్లుగా చెప్తున్నాను. మా పెద్ద పిల్లలకి సినిమా అంటే ప్రాణం, కానీ థియేటర్‌కి వెళ్లరు. ఓటీటీ వచ్చాకే వాళ్లు సినిమాలు చూడటం మొదలుపెట్టారు, కింద అక్షరాలు వస్తాయి కాబట్టి. అందుకే పైన అందరూ థియేటర్ గురించి అంత ప్రేమగా రాస్తుంటే నాకు మా పిల్లలు గుర్తొచ్చారు. మీకు ఫోన్‌లో పోయిందన్నది వాళ్లకి ఫోన్‌లోనే దొరికింది.

నేను అడిగేది ఒకటే. మీరు తెప్పించే ఫైలుకి కింద తెలుగు అక్షరాలు ఉండేలా అడగండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అందరూ వేస్తారు, బయటివాళ్ల కోసం. తెలుగు సినిమాకి తెలుగు అక్షరాలు అడిగితే ఎందుకండీ అంటారు. మా పిల్లలకి తెలుగే చదవడం వచ్చు.

ఇంకో సినిమా పేరు కూడా చెప్తాను. గమనం, 2021 డిసెంబర్‌లో వచ్చింది, సుజనా రావు గారి మొదటి సినిమా. అందులో శ్రియ వేసిన కమల అనే అమ్మాయికి వినబడదు, చంటిపిల్లతో బస్తీలో ఉంటుంది. మా పిల్లలకి ఆ సినిమా నేను ఆపి ఆపి సైగలతో చెప్పాను. తడబడిన చోట్లు ఉన్నాయి, మూడు కథలూ ఒకే బలంతో లేవు. అయినా వినబడని మనిషికి వాన ఎలా ఉంటుందో తీయాలని అనుకున్న దర్శకురాలు నాకు ముఖ్యం.

లలిత, ఎంవీపీ కాలనీ | ఏప్రిల్ 9, రాత్రి 7:45

టీచర్ గారి మాట చదివాక మన జాబితా మళ్లీ చూశాను. దర్శకులందరూ మగవాళ్లే. ఎవరూ కావాలని చేయలేదు, కానీ ఇంతమందిమి మాట్లాడుకుంటూ కూడా గమనించలేదు. గమనం చేర్చాల్సిందే. ప్రవీణ పరుచూరి గారు కూడా ఇప్పుడు దర్శకురాలయ్యారు, కొత్తపల్లిలో ఒకప్పుడు 2025 జులైలో వచ్చింది. కంచరపాలెం నిర్మాత తనే మెగాఫోన్ పట్టుకున్నారంటే విశాఖ వాళ్లం చూడకుండా ఎలా ఉంటాం? ఆరు ఆదివారాలు ఎనిమిది అయితే ఏం, వేసవి మన చేతుల్లోదే.

టెక్సాస్ తెలుగు | ఏప్రిల్ 10, ఉదయం 8:10

నాది పుట్టింది మద్దిలపాలెం, ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడ పెద్ద హీరోల సినిమాలకి గురువారం రాత్రే ప్రీమియర్లు పడతాయి, చిన్న సినిమాలు పడినా మూడు రోజులకి తీసేస్తారు. ఇలా అరవైమంది కూర్చుని ఒక కొత్త దర్శకుడి గురించి మాట్లాడుకోవడం ఇక్కడ మాకు లేదు. మా పాప తెలుగు అర్థం చేసుకుంటుంది, చదవలేదు. సినిమా బండి చూసి ఆటో అతను కెమెరా దొరికితే తిరిగి ఇచ్చేయాలా వద్దా అని వారం రోజులు నాతో వాదించింది.

హాలు ఖర్చులో రెండు ఆదివారాలవి నేను ఇస్తాను. కాదనకండి. జూన్ చివర్లో వస్తున్నాం, ఎనిమిది వారాలు చేస్తే చివరిదానికి అందుకుంటాం.

గాజువాక లాయర్ | ఏప్రిల్ 19, రాత్రి 9:00

పది రోజుల్లో జరిగింది చెప్తాను. తొమ్మిది సినిమాలకి ఉత్తరాలు పంపాను. నాలుగింటికి జవాబు వచ్చింది. రెండు "సరే" అన్నారు, సర్టిఫికెట్ నకలు కూడా పంపారు. ఒకరు హక్కులు తమ దగ్గర లేవని చెప్పి ఎవర్ని అడగాలో రాశారు. ఇంకొకరిది నన్ను ఆలోచనలో పడేసింది: సర్టిఫికెట్ తీసుకోలేదట, మీరు అడిగారు కాబట్టి ఇప్పుడు దరఖాస్తు చేసే విషయం మాట్లాడుకుంటున్నాం, జూన్ చివరిదాకా ఆగగలరా అన్నారు. ఆగుతామని రాశాను. మిగతా ఐదుగురికి రేపు మళ్లీ ఫోన్ చేస్తాను. ఏ సినిమా ఏ మాట అన్నదో సంతకాలు అయ్యేదాకా ఇక్కడ రాయను, అర్థం చేసుకోండి.

బ్యాక్ బెంచ్ | ఏప్రిల్ 19, రాత్రి 9:35

లాయర్ గారూ, ఫోన్ చేసేటప్పుడు నేనూ వస్తాను, ఉత్తరాలు టైప్ చేసి పెడతాను.

నాకొక ఆలోచన వచ్చింది. అసిస్టెంట్ అన్న చెప్పిన వెనక గోడ సంగతి నన్ను వదల్లేదు. మనం సినిమా పడుతున్నప్పుడు హాల్లో జనం స్పందన రికార్డు చేసి దర్శకుడికి పంపితే? వాళ్లకి దొరకని మొదటి రోజు మొదటి ఆట మనం ఇచ్చినట్టు ఉంటుంది.

గాజువాక లాయర్ | ఏప్రిల్ 19, రాత్రి 9:41

వద్దు బాబూ. 2023 సవరణ తర్వాత హాల్లో నడుస్తున్న సినిమాని అనుమతి లేకుండా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడేళ్ల దాకా పడొచ్చు. నువ్వు జనాన్ని తీస్తున్నానన్నా వెనక సినిమా మాటలు పడతాయి. ఆలోచన మంచిది, దారి వేరేది చూడు.

రీలు డబ్బా | ఏప్రిల్ 20, ఉదయం 5:40

దారి ఉంది. మేము క్యాబిన్‌లో ఎప్పుడూ ఒక నోటు పుస్తకం పెట్టుకునేవాళ్లం. ఏ రీలులో జనం విజిల్ వేశారు, ఎక్కడ లేచి బయటికి పోయారు, పాట రాగానే ఎంతమంది బీడీ కాల్చుకోవడానికి వెళ్లారు, రాసి డిస్ట్రిబ్యూటర్ మనిషి వస్తే చెప్పేవాళ్లం. ఒక్కోసారి ఆ పాట రెండో వారానికి ఎగిరిపోయేది కూడా.

నేను వెనక గోడ దగ్గర చిన్న లైటు పెట్టుకుని కూర్చుంటాను. 14వ నిమిషం, ఫలానా మాటకి హాలంతా నవ్వు. 52వ నిమిషం, చంటిపిల్ల ఏడ్చింది, ఎవరూ విసుక్కోలేదు. 96వ నిమిషం, చప్పుడు లేదు. ఇలా. టీచర్ గారి పిల్లలు ఎక్కడ చేతులు ఊపారో కూడా రాస్తాను, వాళ్లని నాకు కనబడే వైపు కూర్చోబెట్టండి. ఆట అయ్యాక ఆ కాగితాలు బ్యాక్ బెంచ్ కుర్రాడు సాఫు రాతలో తిరగరాసి పోస్టులో దర్శకుడికి పంపాలి. ఫోన్‌లో కాదు, పోస్టులో.

హైదరాబాద్ అసిస్టెంట్ | ఏప్రిల్ 20, ఉదయం 7:02

పెద్దాయనా, ఆ కాగితం అందుకున్న మనిషి దాన్ని ఎన్నిసార్లు చదువుకుంటాడో నాకు తెలుసు. మే రెండో ఆదివారానికి రైలు టికెట్ తీశాను. పుస్తకంలో ఒక పేజీ నన్ను రాయనివ్వండి.

కెరటం | ఏప్రిల్ 20, ఉదయం 10:15

సరే, ఇప్పటికి ఖాయమైనవి. హాలు ఖాయం. ఆదివారం పొద్దున 9 గంటలకి, 8:45కే తలుపులు. రెండు సినిమాలకి అనుమతి ఉంది, మిగతావి వచ్చిన వరసలో వేస్తాం, పోస్టర్ మీద ఆ వారం సినిమా పేరు మాత్రమే ఉంటుంది. తెలుగు అక్షరాలు లేని ఫైలు వస్తే నేనూ లలిత గారూ కూర్చుని టైప్ చేస్తాం, నిర్మాత ఒప్పుకుంటేనే. మానేరు వాగు గారు అడిగిన ఆరుబయట ఆట జులైలో పెడదాం, డాలస్ వాళ్లు కూడా వచ్చేస్తారు, అప్పటికి చీకటి తొందరగా పడకపోయినా వాన పడకపోతే చాలు.

మర్రిపాలెం మనిషి గారూ, అరకు సినిమా గురించి మీరు రోజూ మెసేజ్ పెడుతున్నారు. జవాబు రాగానే మొదట మీకే చెప్తాను.

రీలు డబ్బా | ఏప్రిల్ 20, రాత్రి 8:20

ఈ గురువారం సాయంత్రం 6కి హాల్లో తెర, సౌండు చూస్తున్నాను. ఎడమవైపు స్పీకర్ ఒకటి కొంచెం గరగరలాడుతోంది, కోన్ మార్చాలి. ఖాళీ హాల్లో సౌండు ఒకలా ఉంటుంది, మనుషులు కూర్చుంటే ఇంకోలా ఉంటుంది. ఒక పదిమంది వచ్చి సీట్లలో ఊరికే కూర్చోండి.